మా చిన్నాయిన ఓడిన ఎన్నిక

మా చిన్నాయిన పోయిన సంగతి నాకు గద్వాల బస్సు మోసుకొచ్చింది. నేను వనపర్తి బస్టాండులో కంట్రోలరును, ఆ రాత్రి డ్యూటీకి అక్కడే ఉన్నాను. పొద్దున గద్వాల సర్వీసు వచ్చి ఆగగానే కండక్టరు దిగి, టికెట్ మిషను చంకలో పెట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చాడు. "అన్నా, నీకు తెల్వదా? మీ కౌన్సిలర్ సారు పోయిండంట గద. బస్సెక్కినోళ్ళు అనుకుంటున్నరు" అన్నాడు. ఫోను చార్జింగులో పెట్టి మరచిపోయాను. తీసి చూస్తే మా నాయిన చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున లేవలేదట.

ఆయన కౌన్సిలర్ పదవి పోయి చాలా ఏళ్ళయింది. అయినా గద్వాల వాళ్ళకు ఆయన కౌన్సిలరే. మనిషిని ఓడించి కూడా అదే పేరుతో పిలుస్తారు, మా ఊరి మర్యాద అలాంటిది. రెండు పెద్ద పార్టీల వాళ్ళూ ఆయన ఫోటోతో ఫ్లెక్సీలు కట్టారు. వాటి మీద రాయాల్సిన గొప్పలన్నీ రాశారు కాబట్టి ఇక్కడ నేను మళ్ళీ రాయక్కర్లేదు. నేను రాయడం సిగ్గు వల్ల. ఒట్టి దుఃఖమే అయితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి.

మాది నేతగాళ్ళ వీధి. ఇంటింటికీ గుంట మగ్గం ఉంటుంది. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని మా వాళ్ళు చీరలు నేస్తారు. మా నాయినా చిన్నాయినా పక్కపక్క ఇళ్ళలో, ఒకే గోడకు అటూ ఇటూ మగ్గాలు పెట్టుకుని నేసేవాళ్ళు. చిన్నాయిన వయసులో ఉన్నప్పుడు ఒకసారి నూలు ధర పెరిగి మగ్గాలు ఆగిపోయాయట. అప్పుడు ఒక పార్టీ వాళ్ళు వచ్చి మా వాళ్ళతో కలిసి రోడ్డు మీద కూర్చున్నారట. నూలు ధర తగ్గాక ఆ వచ్చిన వాళ్ళంతా ఒక్కొక్కరే లేచి పెద్ద పార్టీల్లోకి పోయారు. మా చిన్నాయిన ఒక్కడే అందులో కూర్చుండిపోయాడు.

ఆ పార్టీ పేరు చెప్పను. చెప్పినా చాలామందికి గుర్తుండదు. మా దిక్కు రెండు పెద్ద పార్టీలు ఎప్పుడూ ఉంటాయి, ఆ రెండూ ఏవన్నది కాలాన్ని బట్టి మారుతుంటుంది. ఆయనది మాత్రం ఎప్పుడూ మూడోదే. సైకిలు షాపు మీది గది దాని ఆఫీసు. "పార్టీ మారరాదు చిన్నాయినా, అందరు మారుతున్నరు" అని నేనొకసారి అంటే, "నేను గూడ పోతె ఆఫీసు తాళం ఎవరు తీస్తరురా?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడనుకున్నాను. నిజంగానే తాళం తీసేది, ఊడ్చేది, మళ్ళీ తాళం వేసేది ఆయనొక్కడే అని తర్వాత తెలిసింది.

చిన్న పార్టీ కాబట్టి దానికంటూ సొంత గుర్తు లేదు. ఎన్నికల వాళ్ళు మిగిలిన గుర్తుల్లోంచి ఏది ఇస్తే అది. మొదటిసారి కత్తెర వచ్చింది. నేతగాళ్ళ వీధిలో కత్తెర గుర్తుతో ఓటు అడగడం అంటే చూడండి మరి. "మగ్గం మీది చీరను కోయనీకి వచ్చినవా?" అని ముసలమ్మలు తిట్టారు. తిట్టి, ఓటు వేశారు. రెండోసారి కుట్టుమిషను వచ్చింది. "కోసినవ్, ఇప్పుడు కుడుతున్నవ్" అన్నారు, మళ్ళీ గెలిపించారు. మూడోసారి గాలిబుడగ వచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఫిర్యాదు ఉన్నవాళ్ళు ఆయన ఇంటికి రావడం తక్కువ. ఆయనే వాళ్ళ ఇంటికి పోయి మగ్గం గుంట అంచున కూర్చునేవాడు. నేసేవాడు నేత ఆపక్కర్లేదు. మగ్గం చప్పుడు మధ్యలో మాట్లాడీ మాట్లాడీ ఆయనకు చిన్న చిన్న మాటలు అలవాటైపోయాయి. ఎవరేం అడిగినా "చూస్త" అనేవాడు. మా వీధిలో ఆయన "చూస్త" అన్నాడంటే అయిపోయినట్టే లెక్క. పెద్ద పార్టీల వాళ్ళు "అయిపోయినట్టే" అన్నారంటే ఇక మనం చూస్తూ ఉండాల్సిందే.

మున్సిపల్ కౌన్సిల్ హాల్లో కుర్చీలు రెండు వైపులా వేసి ఉండేవి, ఒక వైపు ఒక పార్టీ, ఇంకో వైపు ఇంకొకటి. ఈయన ఎటూ చెందడు. తలుపు దగ్గర అటెండర్లు కూర్చునే బల్ల మీద కూర్చునేవాడు. "నీకు కుర్చీ ఏపియ్యమంటవా?" అని చైర్మన్ ఒకసారి అడిగితే, "ఈడనే మంచిగుంది సార్. చాయ్ ముందుగాల నాకే వస్తది" అన్నాడట. ఈ మాట నాకు ఆయన చెప్పలేదు. చాయ్ తెచ్చే అతనే చెప్పాడు, చెప్పి చాలాసేపు నవ్వాడు.

ఆయన చేసిన పనుల్లో మా వీధి ఇప్పటికీ వాడుకుంటున్నది మురికి కాలువ. అంతకు ముందు వాన పడితే నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చి మగ్గం గుంటలు నిండేవి. చెంబులతో తోడుకుంటూ, తడిసిన పడుగు ఆరేదాకా పస్తులుంటూ బతికేవాళ్ళం. రెండోసారి ఆయన గెలిచినప్పుడు కౌన్సిల్లో రెండు పార్టీలూ సమానంగా వచ్చాయి. చైర్మన్ ఎవరన్నది ఈయన చెయ్యెత్తడం మీద ఆధారపడింది. మిగతా కౌన్సిలర్లను బస్సుల్లో ఎక్కించి ఎక్కడెక్కడికో క్యాంపులకు తీసుకుపోయారు. ఈయన పోలేదు. "మగ్గం మీద చీర ఉంది, యాడికి రాను?" అన్నాడు. రెండు పార్టీల వాళ్ళూ మా చిన్నాయిన ఇంటికే వచ్చి మగ్గం పక్కన కూర్చున్నారు. ఇద్దరికీ ఒకటే మాట చెప్పాడు. "మా వీధిల మోరీ తవ్వుండ్రి. ఎవరి దిక్కుకెల్లి ముందుగాల నీళ్ళు పారితె వాళ్ళకే చెయ్యెత్తుత."

ఆ వారం మా వీధి చూడాలి. వీధికి ఆ చివర ఒక పార్టీ జేసీబీ, ఈ చివర ఇంకో పార్టీ జేసీబీ. రెండు దిక్కులనుంచీ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్నారు. ఒకరిది కొంచెం పైన, ఒకరిది కొంచెం కింద వచ్చింది. ఇప్పటికీ మా ఇంటి ముందు ఆ కాలువ చిన్న మెట్టు దిగి పారుతుంది. మాట ఇచ్చినట్టే నీళ్ళు ముందు పారించిన వాళ్ళకు చెయ్యెత్తాడు. పనైపోయాక వీధికి రెండు చివరలా రెండు పార్టీలూ తమ తమ నాయకుల పేర్లతో శిలాఫలకాలు పెట్టుకున్నాయి. ఈయన పేరు రెండింటిలోనూ లేదు. నాకు ఒళ్ళు మండి అడిగితే, "పేరు రాసుకోనియ్యిరా, నీళ్ళు మనయి పోతున్నయ్ గద" అన్నాడు. ఆ మాటకు నేను ఇప్పటికీ ఒప్పుకోను. పేరు రాసుకోనిచ్చిన మనిషిని జనం ఎంత తొందరగా మరచిపోతారో ఆయన లెక్క వేసుకోలేదు.

ఇక గాలిబుడగ. ఆ ఎన్నికలో ఆయన గెలుపు మీద ఎవరికీ అనుమానం లేదు. ఇంటింటికీ తిరుగుతుంటే, "నీకేంది కౌన్సిలరా, నువ్వు గెలిచినవ్ పో" అని కూర్చోబెట్టి చాయ్ పోసి పంపారు. మిగతా ఇద్దరు అభ్యర్థుల వెనకాల మా వీధికి నూలు ఇచ్చి చీరలు తీసుకునే ఇద్దరు షావుకార్లు ఉన్నారు. వాళ్ళు ఎప్పుడూ రానివాళ్ళు ఆ వారం గడప గడపకూ వచ్చారు. మా ఇంటికీ వచ్చారు. పెద్ద షావుకారు మా నాయిన పక్కన మంచం మీద కూర్చుని, నీళ్ళడిగి తాగి, పోయాడు.

మా వీధిలో ఒక అలవాటు ఉంది. ఇంట్లో ఉన్న ఓట్లను, పండగనాడు వండినవి చుట్టుపక్కల పంచినట్టు, ఇంటిపెద్ద పంచుతాడు. అడిగిన వాళ్ళెవరూ నొచ్చుకోకూడదు. ఆ రోజు అన్నం తింటూ మా నాయిన పంచాడు. "నాదీ కోడలిదీ పెద్ద షావుకారు మనిషికి. మీ అమ్మది చిన్న షావుకారు మనిషికి, వాళ్ళ ఆడోళ్ళు వచ్చి బొట్టు పెట్టిపోయిన్రు. నీది మీ చిన్నాయినకు."

"మన సొంత మనిషి గద నాయినా, ఒక్కటేనా?" అన్నాను.

"సొంత మనిషి గనకనే. వానికి ఊరంత ఏస్తది. మన మూడు తక్కువైతె వానికేం తెల్వదు, వీళ్ళకు తెలుస్తది."

పెట్టెలో ఎవరు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదని ఆయనకూ తెలుసు. కానీ మాట ఇచ్చి తప్పడం మా నాయినకు చేతకాదు. తమ్ముడికి మాత్రం ఆయన మాట ఇవ్వలేదు, ఎందుకంటే తమ్ముడు ఎన్నడూ అడగలేదు. అన్నను ఓటడగడం చిన్నాయినకు తోచి కూడా ఉండదు. అలా మా ఇంటినుంచి ఆయనకు పోయిన ఓటు నాది. ఆ సంగతి చెప్పుకుని గొప్పలు పోదామనుకుంటే, అది నేను వేసింది కాదు, మా నాయిన పంచితే నా వంతుకు వచ్చింది. వేరేవాళ్ళకు వెయ్యమంటే వేరేవాళ్ళకే వేసేవాణ్ణేమో. ఆ సిగ్గు నాకు ఉంది.

ఓటు వేసి బయటికి వస్తే చిన్నాయిన బడి గేటుకు దూరంగా చెట్టు నీడన నిలబడి ఉన్నాడు. "తిన్నవా?" అన్నాడు. తిన్నానన్నాను. అంతకంటే ఏమీ అడగలేదు.

లెక్కింపు రోజు మా వీధి వాళ్ళు పూలదండలు తెచ్చి పెట్టారు. ట్రాలీ ఆటోకు మామిడాకులు కట్టారు, డప్పులు పిలిపించారు. ఆ ముగ్గురిలో ఆయన మూడోవాడిగా వచ్చాడు. కబురు ముందే చేరడంతో ఆయన వీధిలోకి నడిచి వచ్చేసరికి డప్పులవాళ్ళు వాయించాలో వద్దో తెలియక నిలబడి ఉన్నారు. ఆయనే వాళ్ళ దగ్గరికి పోయి, "పొద్దటికెల్లి ఉన్నరు, వీళ్ళకు జర అన్నం పెట్టుండ్రి" అన్నాడు. దండలు ఎల్లమ్మ గుడికి పంపించాడు. తర్వాత లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

బయట ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. కాసేపటికి ఎవరో అన్నారు, "పెట్టెలు మార్చిన్రు" అని. ఎవరన్నారో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ ఆ మాట వీధి ఈ చివరనుంచి ఆ చివరకు పాకింది. పెట్టెలు మార్చకపోతే ఇదెట్ల అయితది? వాళ్ళు అబద్ధం చెప్పారని కూడా అనలేను. ఎవరి ఇంటి సంగతి వాళ్ళకు తెలుసు. తన ఇంట్లో ఓట్లు పంచినా, మిగతా వీధంతా కౌన్సిలరుకే వేసిందని ప్రతివాడి నమ్మకం. ప్రతి ఇంట్లోనూ మా నాయినే ఉన్నాడని ఎవరికీ తట్టలేదు. లెక్క కుదరాలంటే పెట్టెలు మారి తీరాల్సిందే.

మర్నాడు ఆ పార్టీ కార్యదర్శి నాగర్‌కర్నూల్ నుంచి దిగాడు. పాపం, చాలా ఏళ్ళ తర్వాత ఆ పార్టీకి ఒక సమస్య దొరికింది. సాయంత్రం చిన్నాయిన ఇంటిముందు వీధంతా చేరింది. ధర్నా చేయాలని, కలెక్టరు ఆఫీసుకు పోవాలని, బూత్‌లో డ్యూటీ చేసిన పంతులు మీద ఫిర్యాదు ఇవ్వాలని అన్నారు. ఆ పంతులు కోడేరు దిక్కునుంచి వచ్చినవాడు. ఎన్నిక రోజు మా వీధి ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. చిన్నాయిన అరుగు మీద కూర్చుని ఒకటే అడిగాడు.

"ఫిర్యాదు ఇస్తె ఆ సారుకేమైతది?"

"సస్పెండ్ చేస్తరు. చెయ్యాలె" అన్నాడు కార్యదర్శి. "అన్నా, నువ్వు ఊకో. జనం చెప్తున్నరు ఇన్నవా? కౌన్సిలర్ అన్నకు ఓటేసినోళ్ళందరు ఒక్కసారి చేతులెత్తుండ్రి, ఫోటో తీస్త."

వీధంతా చేతులెత్తింది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, గుమ్మాల్లో నిలబడ్డ ముసలివాళ్ళు. మా నాయిన ఎత్తాడు. మా అమ్మ ఎత్తింది. నా పక్కన నా భార్య నావైపు చూసి, మెల్లగా తనూ ఎత్తింది. నేను ఎలాగూ ఎత్తాను. చిన్నాయినకు పడ్డ ఓట్లు ఎన్నో పేపర్లో వచ్చింది, అందరూ చదివారు. లేచిన చేతులు వాటికి ఎన్నో రెట్లు ఉన్నాయి. ఆయన అరుగు మీద కూర్చుని ఒక్కొక్క మొహమే చూశాడు. మా నాయిన దగ్గర ఆయన చూపు ఆగిందో లేదో నాకు తెలియదు, నేను తల దించుకున్నాను.

కార్యదర్శి ఫోను పైకెత్తి ఫోటో తీయబోతూ గుమ్మంవైపు చూశాడు. అక్కడ మా చిన్నమ్మ చెయ్యెత్తకుండా నిలబడి ఉంది. "ఏందక్కా, ఇంటోళ్ళే ఎత్తకుంటె ఎట్ల?" అన్నాడు నవ్వుతూ. ఆమె ఏదో చెప్పబోయింది.

"ఆమెనేం అడుగుతవ్, నన్నడుగు" అన్నాడు చిన్నాయిన. "నేను ఎత్తిన్నా? నా ఓటు నేనే ఏసుకోలే. గెలుస్తననుకున్న. మొహమాటానికి వేరేటోళ్ళకు ఏసిన. పెట్టెలు ఎవ్వరు మార్చలే. ఆ సారును గుంజకుండ్రి. పోండ్రి, మగ్గాలు ఖాళీగున్నయ్."

ఎత్తిన చేతులు ఎలా దించాలో ఎవరికీ తెలియలేదు. కొందరు తల గోక్కున్నారు. కొందరు పైన కరెంటు తీగను చూస్తున్నట్టు చూశారు. కార్యదర్శి ఫోను జేబులో పెట్టుకుని ఆ సాయంత్రం బస్సుకే నాగర్‌కర్నూల్ పోయాడు.

ఆ మాటతో మా వీధి బతికిపోయింది. బతికిపోయి ఊరుకున్నా బాగుండేది. "తన ఓటు తనే ఏసుకోకుంటె మనమేం జేస్తం?" అని వారంలోపే మొదలుపెట్టారు. అది నవ్వులాట అయింది. అటు గట్టు, ఇటు వడ్డేపల్లి ఊళ్ళ దాకా పోయింది. వనపర్తి బస్టాండులో చాయ్ దగ్గర ఇద్దరు ప్రయాణికులు చెప్పుకోగా విన్నాను. గద్వాలలో ఒక కౌన్సిలర్ ఉన్నాడట, తన ఓటు తనకే వేసుకోలేదట. పక్కనున్న డ్రైవరు, "నీది గద్వాలనే గద, తెల్సా ఆయన?" అని నన్నడిగాడు. చూసినట్టు గుర్తన్నాను.

తర్వాత మా వీధి ఆయనను చాలా మర్యాదగా చూసింది. ఎదురైతే లేచి నిలబడేవాళ్ళు. చాయ్ హోటల్లో ఆయన చేత డబ్బులు ఇవ్వనిచ్చేవాళ్ళు కాదు. పండగకు అన్ని ఇళ్ళనుంచీ గిన్నెలు వచ్చేవి. పని చెప్పడం మాత్రం మానేశారు. ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? కుళాయి రాకపోతే గెలిచిన కౌన్సిలరు ఇంటిచుట్టూ తిరిగారు తప్ప ఈయన గడప తొక్కలేదు. ఆయన పోయి మగ్గం పక్కన కూర్చుంటే, మగ్గం ఆపి, చాప వేసి, కుశలం అడిగి పంపేవాళ్ళు. ఓడిపోవడం కంటే అది ఆయనను ఎక్కువ బాధపెట్టిందని నాకు తెలుసు, ఎందుకంటే ఒకసారి నాతో అన్నాడు.

"మీ ఇంటిముందల లైటు పోయి ఎన్ని దినాలైంది?"

"చాలా దినాలే అయింది."

"నాకు చెప్పలేదేంది?"

"నీకెందుకులే పరేషాన్ అని, చిన్నాయినా."

ఆయన ఆ స్తంభం వైపు కాసేపు చూశాడు. "గెలిచినప్పుడు కూసుంటె లెవ్వనియ్యకపోతుండ్రి. ఇప్పుడు కూసోకముందే చాయ్ ఇచ్చి పంపుతున్నరు. జర ఎవరన్న వచ్చి తిట్టిపోరాదుర్రా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. మా ఇంట్లో ఓట్లు ఎట్లా పంచుకున్నామో చెప్పి, తిట్టు చిన్నాయినా అంటే సరిపోయేది. చెప్పలేదు. మర్నాడు స్తంభానికి కొత్త లైటు వచ్చింది. ఆయనే పోయి చెప్పి వేయించాడు.

ఇన్నేళ్ళూ మా వీధిలో ఎవరూ చెప్పలేదు. మా నాయిన గోడకు ఇవతల నేస్తూ, తమ్ముడు గోడకు అవతల నేస్తూ, ఇద్దరూ ఒకే చుట్ట పంచుకుని తాగుతూ గడిపారు. ఆ ఎన్నిక మాట వస్తే మా నాయినకు దగ్గు వచ్చేది.

కబురు తెలిసి నేను పోయేసరికి చిన్నాయినను వాకిట్లో పడుకోబెట్టారు. వచ్చిన వాళ్ళు వచ్చినట్టు చిన్నమ్మ చేతులు పట్టుకుని, "మేమైతె ఆయనకే ఏసినం అక్కా" అంటున్నారు. మనిషి పోయినా ఆ మాటే. ఆమె తల ఊపుతోంది. నేను పక్కన కూర్చున్నాక, కొత్త పంచె తీసుకురావాలని నన్ను లోపలికి పిలిచింది. పెట్టె మూత ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది.

"మీ చిన్నాయిన ఆ దినం అబద్ధం చెప్పిండు" అంది. "ఆయన ఓటు ఆయన ఏసుకున్నడు. ఏయనిది నేను."

పంచె తీసి, పెట్టె మూత వేసింది.

"గెలిచినన్ని దినాలు ఇంటిపట్టున లేడు. ఓడితె మగ్గం మీద కూసుంటడు, నా కండ్లముందల ఉంటడు అనుకున్న. ఓడినంక ఆ పొద్దే ఆయనకు చెప్పిన, కాళ్ళు పట్టుకున్న. ఏమన్నడో తెల్సా? నువ్వొక్కదానివే సక్కగ ఏసినవే అన్నడు. ఓడాలని ఏసినవ్, ఓడిపోయిన. వీధోళ్ళందరు నేను గెలవాలనుకుంటనే వేరేటోళ్ళకు ఏసిన్రు, వాళ్ళదే పాపం అన్నడు. ఎంత నవ్విండో. నవ్వి అన్నం తిన్నడు."

పంచె నా చేతిలో పెట్టి ఆమె బయటికి పోయింది. నేను ఆ చీకటి గదిలో నిలబడిపోయాను. ఆయనకు అంతా తెలుసు. వీధి అంతా తెలుసు, మా ఇల్లు కూడా తెలుసు. ఆయనను కావాలనే ఓడించిన మనిషి ఒక్కతే నిజం చెప్పింది, చెబితే ఆయన నవ్వాడు, అన్నం తిన్నాడు, అయిపోయింది. మిగతా వాళ్ళం ఎవరం చెప్పినా అంతకంటే ఎక్కువ ఏమీ అయ్యేది కాదు. అంత సులువైన పనిని మేం ఇన్నేళ్ళూ చేయలేకపోయాం.

పాడె వెంట వీధంతా నడిచింది. శ్మశానం దారిలో దింపుడు కల్లం దగ్గర దించారు. అక్కడ రక్తసంబంధీకులు పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి, ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే లేస్తారని ఆశ. పిల్లలు లేని మనిషి కాబట్టి అన్నే పిలవాలన్నారు. మా నాయినకు మోకాళ్ళు వంగవు. నేను ఒక చెయ్యి పట్టుకుంటే కిందికి వంగాడు. డప్పు ఆపారు. ఒకసారి పేరు పెట్టి పిలిచాడు. రెండోసారి పేరు పిలవలేదు. అలాగే చెవి దగ్గర నోరు పెట్టి, "తమ్మీ, నేను ఏయలేదురా" అన్నాడు. చెయ్యి పట్టుకున్న నాకు తప్ప ఇంకెవరికీ వినబడి ఉండదు.

మా నాయినను లేపి పక్కకు నడిపించాను. పాడె ఎత్తబోతుంటే మా ఎదురింటాయన, "జర ఆగుండ్రి" అని ముందుకు వచ్చాడు. ఆయన మాకు చుట్టం కాడు, పిలవాల్సిన వరస కూడా కాదు. వంగి చెవిలో ఏదో చెప్పి లేచాడు. ఆయన వెనకాల ఇంకొకాయన వంగాడు, ఆయన వెనకాల ఇంకొకాయన. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, పిలిచి ఉంటే వినబడేది. వద్దని ఎవరూ అనలేదు. డప్పులవాళ్ళు పక్కకు పోయి మట్టి దిబ్బ మీద కూర్చున్నారు. ఎండ ఎక్కుతోంది. ఒకరు వంగి లేచేలోపు తర్వాతి మనిషి చెప్పులు విప్పి నిలబడుతున్నాడు. మా వీధి మగవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు, రోడ్డు దాకా.